ఏటికి వద్దు?

పిల్లలూ, మీ ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు "వద్దు" అనే మాట వినపడుతుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఎండలో తిరగవద్దు, గోడ ఎక్కవద్దు, పెద్దవాళ్ల మాటకు అడ్డు రావద్దు, పుస్తకం ముఖానికి అంత దగ్గరగా పెట్టుకోవద్దు. చిన్నప్పుడు నేనొక ఆదివారంనాడు లెక్కపెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళకే ఇరవై మూడు అయినాయి. తరవాత నిద్రపోయాను గనక లెక్క తప్పింది. ఆ చిన్న మాటను ఇంగ్లీషులో ఏమంటారో నేర్చుకోబోయి, నేనొకసారి ఏట్లో కొట్టుకుపోవలసినవాణ్ణి. ఆ సంగతి మీకు చెబుతాను.

ఇది దాదాపు అరవై ఏళ్ల కిందటి మాట. మా ఊరు శ్రీకాకుళానికి కాస్త ఎగువన, నాగావళి ఒడ్డున ఉన్నది. మా వైపు "ఏమిటి" అనటానికి "ఏటి" అంటారు. "ఎందుకు" అనవలసిన చోట "ఏటికి" అంటారు. ఏరు పక్కనే ఉన్నది గనక "ఏటికి పోవటం" కూడా మాకు రోజూ ఉండేదే. నేను వీధిలోకి పరిగెత్తుతుంటే మా మామ్మ అరుగు మీద నుంచి, "ఎక్కడికిరా?" అని అడిగేది.

"ఏటికి," అనేవాణ్ణి.

"ఏటికి?" అనేది మామ్మ.

"ఏటికే!" అనేవాణ్ణి.

ఆ ప్రశ్నా, ఆ జవాబూ ఒకటే కావటం చూసి ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. మామ్మ అడిగింది మాత్రం "ఎందుకు" అని. దానికి నేనెప్పుడూ సరైన జవాబు చెప్పినట్టు జ్ఞాపకం లేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా, ఆషాఢ మాసం మొదట్లో ఒకరోజు మా ఇంగ్లీషు మాష్టారు తర్జుమా చెయ్యమని బోర్డు మీద ఒక వాక్యం రాశారు. "మా అమ్మ నన్ను ఏటికి వద్దన్నది." ఇంతే వాక్యం. నాకది చాలా తేలిక అనిపించింది. ఎందుకంటే ముందు రాత్రే మా అమ్మ నాతో అచ్చంగా ఆ మాటే అన్నది. ఏటి అవతల నేరేడు చెట్లున్నాయి. పళ్లు రాలే రోజులు. నేనూ, మా మేనత్త కొడుకూ కలిసి ఏరు దాటి పళ్లు తెచ్చుకోవాలని అనుకుంటున్నాం. మా ఆలోచన కనిపెట్టి కాబోలు, అమ్మ పిండి రుబ్బుతూ, "ఈ నెలలో ఏటికి వద్దు నాన్నా," అన్నది.

"వద్దు"కు ఇంగ్లీషు నాకు తెలుసు. పాఠంలో ఒక కుర్రవాడు "నాకు పాలు వద్దు" అంటాడు, అక్కడ "డు నాట్ వాంట్" అని ఉన్నది. అందుచేత నేను గబగబా, "మై మదర్ డిడ్ నాట్ వాంట్ మీ" అని రాసి, చివర "రివర్" తగిలించి, అందరికన్నా ముందు పలక పట్టుకెళ్లాను.

మాష్టారు చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "ఎంత దుఃఖకరమైన వాక్యం రాశావురా! మీ అమ్మకు నువ్వు అక్కర్లేదట! ఏమి తప్పు చేశావు?" అన్నారు. తరగతంతా ఘొల్లుమన్నది. నాకు చెవులు వేడెక్కాయి.

మాష్టారు నన్ను కూచోమని, అందరికీ చెప్పారు. "వీడి తప్పు కాదు. తెలుగులో మన 'వద్దు' రెండు పనులు చేస్తుంది. 'నాకు వద్దు' అంటే అక్కర్లేదని. 'నువ్వు వెళ్లవద్దు' అంటే కూడదని. అసలు ఈ మాట పాత తెలుగులో 'వలదు'. 'వలయు' అంటే కావలె. 'వలదు' అంటే కావలసిన పని లేదు. అదే అరిగి అరిగి 'వద్దు' అయింది. మనకు ఒక మాట చాలు, ఎక్కడ ఏ అర్థమో మనకు తెలిసిపోతుంది. ఇంగ్లీషువాళ్లకు రెండు వేరువేరు మాటలు కావాలి. కూడదని చెప్పటానికి వాళ్ల మాట 'ఫర్‌బిడ్'."

ఆయన బోర్డు మీద దాని మూడు రూపాలూ రాశారు: ఫర్‌బిడ్, ఫర్‌బేడ్, ఫర్‌బిడెన్. "దీన్ని వాడేటప్పుడు ముగ్గురిని మరిచిపోకండి," అన్నారు. "వద్దన్నది ఎవరు? ఎవరిని వద్దన్నారు? ఏ పని వద్దన్నారు? ఈ మూడూ వాక్యంలో ఉండాలి. పనికి ముందు 'టు' రావాలి. 'మై మదర్ ఫర్‌బేడ్ మీ టు గో టు ది రివర్.' ఇంకొక సంగతి. ఫర్‌బిడ్ చెయ్యటానికి అధికారం ఉండాలి. తండ్రి కొడుకును చెయ్యగలడు. రాజు ప్రజలను చెయ్యగలడు. నీ చెల్లెలు నిన్ను ఎంత ఏడ్చి వద్దన్నా అది ఫర్‌బిడ్ కాదు."

ఇదంతా నేను శ్రద్ధగా విన్నాను. అయితే, అర్థమైన చదువు కన్నా సగం అర్థమైన చదువు ప్రమాదం. ఆ సాయంకాలం ఇంటికి పోతూ మా బావతో ఇలా వాదించాను: "ఫర్‌బిడ్ అంటే గట్టిగా, ఆజ్ఞలాగా చెప్పాలి. మా అమ్మ గట్టిగా చెప్పలేదు. కోప్పడలేదు. పిండి రుబ్బుతూ 'వద్దు నాన్నా' అన్నది. అంటే ఆవిడకు ఇష్టం లేదు, అంతే. ఇష్టం లేకపోవటం వేరు, నిషేధించటం వేరు. మాష్టారే చెప్పారు."

మా బావ నాకన్నా ఒక ఏడు పెద్దవాడు. వాడికి వ్యాకరణంతో పని లేదు. నేరేడు పళ్లతోనే పని. "అయితే ఆదివారం పోదాం," అన్నాడు.

ఆ ఆదివారం ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. ఏట్లో నీరు మోకాలి లోతు. మధ్యలో పెద్ద ఇసుక తిప్ప, దానికి అటూ ఇటూ రెండు పాయలు. చెప్పులు చేత పట్టుకుని నవ్వుకుంటూ దాటేశాం. నేరేడు చెట్ల కింద నాలుకలు నల్లబడేదాకా తిన్నాం. చొక్కా ఒడిలో నింపుకున్నాం. పొద్దు తిరిగిన తరవాత ఇంటికి పోదామని ఒడ్డుకు వచ్చాం.

అవతలి ఒడ్డున పడవ నడిపే తాత ఒకడుండేవాడు. వేసవిలో ఏరు ఎండితే అతనికి పని ఉండదు. ఆ వేళ పడవ బోర్లించి దానికి కీలు రాస్తున్నాడు. మేము నీళ్లలో కాలు పెట్టబోతుండగా లేచి వచ్చి, చేతిలో ఉన్న పొడుగాటి గెడను మా ఇద్దరి ముందూ అడ్డంగా పట్టుకున్నాడు. ఒక్క మాట కూడా అనలేదు. గెడ మా రొమ్ములకు తగిలింది.

"ఏటి తాతా! మా ఇల్లు అదుగో, కనిపిస్తోంది. దారి వదులు," అన్నాడు మా బావ.

"నీరు సూడండి," అన్నాడు తాత.

చూశాం. పొద్దున కింద గులకరాళ్లు కనిపించేంత తేటగా ఉన్న నీరు ఇప్పుడు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉన్నది. దాని మీద నురుగు తెట్టెలుగా వస్తోంది. నురుగులో ఎండుటాకులు, పుల్లలు, ఒక విరిగిన బుట్ట. అయినా లోతు పెద్దగా పెరిగినట్టు లేదు.

"మోకాలి కన్నా కాస్త ఎక్కువ. అంతేగా? ఆకాశంలో మబ్బయినా లేదు," అన్నాను.

తాత నవ్వాడు. "మన ఆకాశం సంగతి ఏటికేటి తెలుస్తాది బాబూ? ఎగువన కొండల్లో కురిసింది. అదిప్పుడు వొస్తాంది," అన్నాడు. అని, నీటి అంచున ఒక పుల్ల గుచ్చాడు. "దీన్ని సూస్తా కూకోండి. ఇది మునక్కపోతే నేనే దాటిస్తాను," అన్నాడు.

మేము కూచున్నాం. తాత చుట్ట తీసి వెలిగించుకున్నాడు. ఆ చుట్ట సగం కాలకముందే పుల్ల కనిపించలేదు. పూర్తిగా కాలేసరికి, మధ్యలో ఉన్న ఇసుక తిప్ప రెండు ముక్కలై, ఒక ముక్కై, ఏమీ లేకుండా పోయింది. మేము దారిలో ఆగి నేరేడు పళ్లు పంచుకుందామనుకున్న చోటు అది. దూరంగా రైలు వస్తున్నట్టు చప్పుడు మొదలయింది. అది ఏటి చప్పుడు. నా ఒడిలో ఉన్న పళ్లు ఎప్పుడు జారిపోయాయో నాకు తెలియదు.

అప్పుడు అవతలి ఒడ్డున మా అమ్మ కనిపించింది.

ఎవరు చెప్పారో, పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆమె వెనక మామ్మ, ఊళ్లోవాళ్లు ఇంకా కొందరు. అమ్మ నోరు తెరిచి అరుస్తున్నది కాని ఏటి హోరులో ఒక్క అక్షరం మాకు వినపడలేదు. నేను ఏడుస్తూ నీళ్లవైపు రెండడుగులు వేశాను. వెంటనే అమ్మ తన రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు నా వైపు తిప్పి, తోస్తున్నట్టుగా ఊపింది. ఆ మాట వినపడక్కర్లేదు. వద్దు, వద్దు, వద్దు.

నేను రాసిన వాక్యం అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది. ఎవరైనా ఆమెను దూరం నుంచి చూసి, ఈ తల్లి తన కొడుకును తన దగ్గరికి రావద్దంటున్నదని ఇంగ్లీషులో రాస్తే, ఏ మాట వాడాలి? ఆ క్షణాన ఆమెకు నా కన్నా కావలసింది ఈ లోకంలో ఏదీ లేదు. అందుకే వద్దన్నది. రెండు అర్థాలూ ఒకే మాటలో ఎలా ఇమిడినాయో నాకు ఏటి ఒడ్డున తెలిసింది.

తాత గెడకు తన తువ్వాలు కట్టి పైకెత్తి ఊపాడు. పిల్లలు నా దగ్గర ఉన్నారు, భయం లేదని దాని అర్థం. చీకటి పడేదాకా అమ్మ అక్కడే నిలబడి ఉన్నది. ఆ రాత్రి మేము తాత గుడిసెలో చోడి అంబలి తాగి పడుకున్నాం. మర్నాడు మధ్యాహ్నానికి ఉరవడి తగ్గితే, తాత పడవ దించి మమ్మల్ని దాటించాడు.

అమ్మ నన్ను కొట్టలేదు. తిట్టనూ లేదు. నా తల తడిమి చూసి, అన్నం పెట్టింది. అన్నం తింటూ నేను, "అమ్మా, ఏటికి వద్దన్నావు?" అని అడిగాను. ఆమె నేను ఏరును గురించి అడుగుతున్నాననుకున్నది. "ఎందుకు వద్దన్నావు?" అని మళ్లీ అడిగాను.

అమ్మ కొంచెంసేపు ఆలోచించింది. "ఆషాఢంలో కొత్తనీరు మైల, ఏట్లో దిగకూడదని మీ మామ్మ నాతో అన్నది. నేను నీతో అన్నాను. ఏటికని నేనూ అడగలేదురా," అన్నది. అరుగు మీద మామ్మను అడిగితే, "మా అత్తగారు చెప్పింది," అన్నది. ముగ్గురు ఆడవాళ్లు ఒక మంచి మాటను ఒకరి చేతి నుంచి ఒకరు అందుకున్నారు. కాని దానితోపాటు ఉండవలసిన కారణం దారిలో ఎక్కడో జారిపోయింది. కారణం తెలిసినవాడు పడవ తాత ఒక్కడే. కారణం తెలిసి ఉంటే, ఇంగ్లీషు వ్యాకరణం పట్టుకుని నేను అంత వాదించేవాణ్ణి కాను.

ఆ కారణమేమిటో మీకూ చెప్పాలి. నాగావళి పుట్టింది మన జిల్లాలో కాదు. ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా దిగి, మొత్తం సుమారు 256 కిలోమీటర్లు ప్రవహించి, శ్రీకాకుళం దాటిన తరవాత కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండల్లో కుంభవృష్టి కురిస్తే, ఏటవాలుగా ఉన్న నేల మీద నీరు నిలవక ఒక్కసారిగా ఏట్లోకి దూకుతుంది. ఆ నీరు మన దగ్గరికి రావటానికి కొన్ని గంటలు పడుతుంది. ఈలోగా మన నెత్తిన ఎండ కాస్తూనే ఉండవచ్చు. వరద తాను వస్తున్నానని ముందుగా చెప్పే గుర్తులు మూడు: నీటి రంగు మారటం, నురుగు, ఆకులూ పుల్లలూ కొట్టుకురావటం. ఈ మూడింటిలో ఏది కనిపించినా గట్టెక్కాలి.

"మోకాలి లోతే కదా" అనే మాట కూడా మోసం. నీరు తొయ్యటం లోతును బట్టి మాత్రమే ఉండదు. వేగాన్ని బట్టి కూడా ఉంటుంది. వేగం రెండింతలైతే తోపుడు నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. పైగా అడుగున ఇసుక కాళ్ల కిందనుంచి జారిపోతూ ఉంటుంది. అందుచేత నిలకడ నీటిలో ఆడుకునే పిల్లవాడు, అదే లోతున్న వరద నీటిలో నిలబడలేడు. కొత్తనీటిలో బురద, పాములు, ఎగువ ఊళ్ల మురికి అన్నీ వస్తాయి గనక దాన్ని మైల అనటం కూడా అబద్ధమేమీ కాదు. మన పెద్దవాళ్ల మాటలో కారణం ఉన్నది. అది మడత విప్పి చూపించేవాళ్లు లేకపోయారు.

తరవాత నేను పై చదువుకు విజయనగరం వెళ్లి, మహారాజావారి కళాశాలలో చేరాను. అక్కడ పెద్ద నిఘంటువులు తిరగేసే అలవాటయింది. మొదట వెతికిన మాట ఏదో మీరు ఊహించగలరు. "ఫర్‌బిడ్"లో "బిడ్" అంటే పాత ఇంగ్లీషులో ఆజ్ఞాపించటం, చాటి చెప్పటం. ముందున్న "ఫర్" మనం "కోసం" అని చదువుకునే మాట కాదు. అది దూరానికి నెట్టే పాత ఉపసర్గ. "ఫర్‌గెట్"లోనూ "ఫర్‌గివ్"లోనూ ఉన్నది అదే. కాబట్టి "దూరంగా ఉండమని ఆజ్ఞాపించటం" అన్నమాట. ఎవరి ముఖమైనా దగ్గరికి పోవటానికే జంకు పుట్టించేటట్టుంటే దాన్ని "ఫర్‌బిడింగ్" అంటారు. మా మామ్మ ఎవరైనా అశుభం పలికితే, "ఆ మాట అనకు, తథాస్తు దేవతలు ఉంటారు," అనేది. అలాంటి చోట ఇంగ్లీషువాళ్లు "గాడ్ ఫర్‌బిడ్" అంటారు. వాళ్లు దేవుణ్ణి వద్దనమని కోరుతున్నారు, మనం దేవతలను తథాస్తు అననివ్వకుండా జాగ్రత్తపడుతున్నాం.

దీని పక్కనే "ప్రొహిబిట్" అనే మాట ఉన్నది. ఇది లాటిను నుంచి వచ్చింది. "ప్రో" అంటే ముందు. "హబేరే" అంటే పట్టుకొనటం. కలిపితే, ముందు అడ్డంగా పట్టుకొనటం. అది చదవగానే నిఘంటువు మూసి, కొంచెంసేపు అలాగే కూచున్నాను. నా రొమ్ముకు మళ్లీ తాత గెడ తగిలినట్టయింది. లాటిను ఒక్క ముక్క రాని ఆ ముసలివాడు ఆ మాటకు అర్థం చేతితో చేసి చూపించాడు!

వాడుకలో ఈ రెంటికీ తేడా ఉన్నది. ఇంట్లో తల్లీ తండ్రీ, బడిలో మాష్టారూ "ఫర్‌బిడ్" చేస్తారు. చట్టమూ ప్రభుత్వమూ "ప్రొహిబిట్" చేస్తాయి. మొదటిదానికి "టు" వస్తుంది, రెండోదానికి "ఫ్రం" వచ్చి పని చివర "ఇంగ్" చేరుతుంది. ఇక మూడోది "బ్యాన్". ఇప్పుడు దాని అర్థం నిషేధమే కాని, ఎన్నో వందల ఏళ్ల కిందట అది ఊరందరికీ వినపడేట్టు చాటటం. మన దండోరా వంటిది. డప్పు వేసి చాటించే మాటల్లో ఎక్కువ భాగం "చెయ్యరాదు" అనేవే కావటంచేత కాబోలు, చివరికి చాటింపు మాట నిషేధం మాట అయిపోయింది.

అలాంటి చాటింపు ఒకటి మన తీరంలో ఏటా ఉన్నది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులపాటు, తూర్పు తీరమంతటా యంత్రాలున్న పడవలు సముద్రం మీద చేపల వేటకు పోరాదు. తెడ్లతో, తెరచాపతో నడిచే చిన్న తెప్పలకు ఈ నిషేధం లేదు. ఒక వేసవిలో నేను కళింగపట్నం వెళితే, ఒడ్డున పడవలన్నీ ఇసుక మీద వరసగా ఉన్నాయి. వలలు బాగుచేసుకుంటున్న ఒక ముసలి మత్స్యకారుణ్ణి పలకరించాను. రెండు నెలలు పని లేకపోతే ఇల్లు గడవటం కష్టమే కదా అన్నాను. "కష్టమే బాబూ," అన్నాడతను. "కానీ ఇది సేపలు గుడ్లు పెట్టే కాలం. ఇప్పుడు తల్లిని పట్టీస్తే, వొచ్చే ఏటికి ఏటి మిగులుతాది?"

నేను నవ్వాపుకోలేకపోయాను. ఏటికి అంటే ఎందుకు అని తెలుసు, ఏరుకు అని తెలుసు. సంవత్సరానికి అనే అర్థం కూడా అందులో ఉన్నదని ఆ వేళ గుర్తుకొచ్చింది. కాని అతని మాటలో నవ్వు కన్నా పెద్ద సంగతి ఉన్నది. ఆ నిషేధంవల్ల ముందుగా నష్టపోయేది అతనే. అయినా ఏటికి అని అడిగితే జవాబు అతని నాలుక చివరనే ఉన్నది. కారణం తెలిసిన నిషేధాన్ని మనిషి మొయ్యగలడు.

అయితే పిల్లలూ, ఏటికి అని అడిగితే ప్రతి నిషేధమూ ఇలా నిలబడుతుందనుకోకండి. నిలబడనిది కూడా ఒకటి చెబుతాను. అదీ మన ప్రాంతం కథే. గిడుగు వెంకట రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి ఉత్తరాన ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావు గారు ఆయనకు సహాధ్యాయి. తరవాత పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యారు. ఆ రోజుల్లో బడి పిల్లలు పరీక్షలో తాము మాట్లాడే తెలుగు రాయకూడదు. వందల ఏళ్ల నాటి కావ్యభాషలోనే రాయాలి. పెద్దలు ఇంట్లో, కచ్చేరీలో, ఉత్తరాలలో వాడే మాట కూడా పరీక్ష కాగితం మీదికి వచ్చేసరికి "గ్రామ్యం" అయిపోయేది.

రామమూర్తి గారు మామ్మ అడిగిన ప్రశ్నే అడిగారు: ఏటికి? "పూర్వులు అలా రాయలేదు" అని జవాబు వచ్చింది. ఆయన అంతటితో ఊరుకోలేదు. పాత పుస్తకాలు, తాటాకు ప్రతులు తిరగేసి, పూర్వులు కూడా తమ కాలపు వాడుక మాటలు రాశారని చూపించారు. 1914లో అప్పారావు గారు తన అసమ్మతి పత్రం రాశారు. 1919లో రామమూర్తి గారు "తెలుగు" అనే పత్రిక నడిపారు. పండితులతో సభల్లో వాదించారు. నిషేధం ఒక్కరోజులో పోలేదు. కాని కారణం లేని గోడ గనక క్రమంగా కూలింది. ఇవాళ మీరు ఈ పుటలో చదువుతున్న తెలుగు అప్పుడు పరీక్షలో రాస్తే మార్కులు రాని తెలుగే. ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునేది ఆయన జ్ఞాపకంగానే. మా మామ్మ "ఏటికి" కూడా తక్కువ మాటేమీ కాదు. పాత కావ్యాల్లో "ఎందుకు" అనే అర్థంలో అది కనిపిస్తూనే ఉంటుంది.

రామమూర్తి గారు చేసిన పనికీ, ఆ ఆదివారం నేను చేసిన పనికీ తేడా గమనించండి. ఇద్దరికీ ఎదురైనది "కూడదు" అనే మాటే. ఆయన ముందు కారణం అడిగారు, వెతికారు, కారణం లేదని తేలిన తరవాత ఎదిరించారు. నేను అడగకుండానే, మాటలో సందు వెతికి, దొంగతనంగా ఏరు దాటాను.

ఈ మధ్య మా మనవడు సెలవులకు వచ్చాడు. వాణ్ణి ఏటి ఒడ్డుకు తీసుకుపోయాను. ఇప్పుడు రేవులో పడవ లేదు. ఒడ్డున ఒక బోర్డు ఉన్నది: "స్నానము నిషేధము." వాడు చదివి, "ఎవరు నిషేధించారు తాతయ్యా? ఎందుకు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. మా మాష్టారు చెప్పిన ముగ్గురిలో ఇద్దరు ఆ బోర్డు మీద లేరు. వద్దన్నది ఎవరో లేదు, ఎవరిని వద్దన్నారో లేదు. కారణం అసలే లేదు.

నేను వాడికి చూపించాను. ఇసుక తవ్వుకుపోయిన చోట పైకి నీరు చదునుగానే కనిపిస్తుంది. అడుగున మనిషి మునిగే గుంట ఉంటుంది. మోకాలి లోతులో నడుస్తున్నవాడు తరవాతి అడుగు ఆ గుంటలో వేస్తాడు. పొడుగాటి వెదురు కర్ర ఒకటి దొరికితే, ఒడ్డున నిలబడి దించి చూపించాను. కర్ర సగానికిపైగా దిగిపోయింది. మనవడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఒక అడుగు వెనక్కు వేశాడు. నేను వాణ్ణి వద్దనవలసిన అవసరం రాలేదు.

తల్లులూ, తండ్రులూ కూడా ఈ పుట చదువుతారని నాకు తెలుసు. వారికి ఒక్క మనవి. "వద్దు" అన్నప్పుడు దాని పక్కనే కారణాన్ని కూడా పెట్టండి. పిల్లలు ఒక మాటను సులభంగా దాటేస్తారు, కారణాన్ని దాటటం కష్టం. మీకే తెలియకపోతే, "నాకూ తెలియదు, తెలుసుకుందాం," అనటంలో చిన్నతనం లేదు. మా అమ్మ అలాగే అన్నది. అంతే కాదు, మర్నాడే పడవ తాతను పిలిచి అరుగు మీద కూచోబెట్టి, వరద గుర్తులన్నీ అడిగి తెలుసుకున్నది. ఆ తరవాత మా వీధిలో పిల్లలందరికీ ఆషాఢం రాగానే ఆమే చెప్పేది. నీటి రంగు చూడండి, నురుగు చూడండి, ఆకులు చూడండి.

పిల్లలూ, మీకు కూడా ఒక్క మాట. ఎవరైనా వద్దంటే ముందు ఆగండి. ఆగిన తరవాత, మర్యాదగా, "ఏటికి?" అని అడగండి. ఈ రెండు పనుల వరస మాత్రం తారుమారు చెయ్యకండి.

ఏరు దాటి వచ్చిన మర్నాడు నేను బడికి పోయి, పలక మీద ఆ వాక్యం మళ్లీ రాసి మాష్టారికి చూపించాను. "మై మదర్ ఫర్‌బేడ్ మీ టు గో టు ది రివర్." ఒక్క తప్పు లేదు. ఆయన నా ముఖం చూశారు. సంగతి అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. పలక తిరిగి ఇస్తూ, "ఇప్పుడు నీకు దీని అర్థం వచ్చింది," అన్నారు.